ముక్కున్న సొరకాయలు

తెల్లవారగానే పరమేశ్వర్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, సాయంత్రానికల్లా చీరకు మిగిలిన కొంగు పూర్తి చేయాలనుకున్నాడు. కొంగు నిండా నెమళ్లు. అవి బాగా కుదిరితే ఇంకో చీరకు సరిపడా నూలు ఊరికే ఇస్తానని నారాయణపేట సేటు మాటిచ్చాడు. ఆ నూలుతో భార్య సుభద్రమ్మకు చీర నేయాలని పరమేశ్వర్ ఆశ. పెళ్లయిన నాటి నుంచి అతను నేసిన ప్రతి చీరకూ కండెలకు నూలు చుట్టింది ఆమే, కట్టుకున్నది మాత్రం ఒక్కటీ లేదు. "వచ్చే చీర నీదే" అని అతను అంటూనే ఉన్నాడు, ఆమె నవ్వుతూనే ఉంది.

నెమలి బొమ్మంతా మగ్గం పైన వేలాడే అట్టల దండలో ఉంటుంది. అట్టకు రంధ్రముంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. మగ్గానికి వచ్చిన చదువు అంతే. ముందున్న అట్టను ముందు చదువుతుంది, మంచిచెడ్డలు దానికి పట్టవు.

బొమ్మ బట్టకు కిందివైపు పడుతుంది కనుక పరమేశ్వర్ మధ్యాహ్నం దాకా హాయిగా నేసి, అప్పుడు కింద అద్దం పెట్టి చూశాడు. నెమళ్లు లేవు. వరసగా సొరకాయలు కూర్చున్నాయి.

పక్కింటి రామచంద్రయ్య వచ్చాడు. సలహా ఇవ్వడానికి ఆయనకు కబురు పంపనక్కర్లేదు.

"అట్టలు తిరగబడ్డయి. తిప్పెయ్."

తిప్పితే సొరకాయలు తలకిందులయ్యాయి.

"అయితే మెడకాడ జర రంధ్రాలు కొట్టు."

కొట్టాడు. సొరకాయలకు ముక్కులొచ్చాయి. కొట్టిన రంధ్రాన్ని చెరిపే ఉపాయం రామచంద్రయ్య దగ్గర కూడా లేదు. పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి ఆయన వెళ్లిపోయాడు.

అప్పుడు సుభద్రమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది.

"మొన్న వానకు అట్టలు తడిసినయి. నువ్వు సంతకు పోయినప్పుడు తాడు విప్పి ఎండకేసిన. గాలికి అన్ని కలిసిపోయినయి."

"మరి మల్ల ఎట్ల కూర్చినవ్?"

"శానా రంధ్రాలున్నయి ముందు, తక్కువున్నయి ఎనుక. వంటింట్ల బోళ్లు సర్దినట్టే సర్దిన."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చీర పోతే పోనీ. సేటు కాడ నీ మాట పోతదని భయమైతాంది."

పరమేశ్వర్‌కు సగం కోపం అక్కడే చల్లారింది. మిగతా సగం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

సాయంత్రం సేటు వచ్చి, మగ్గం మీంచి దింపిన కొంగును వెలుతురుకు పట్టి చూశాడు.

"గిది పిట్టనా, కూరగాయనా?"

సేటు కొంగును తిరగేసి మళ్లీ చూశాడు.

"గిది దుకాణంల పెడితే నలుగురు నవ్వుతరు. నీకిస్తనన్న నూలు గిదే అనుకో. నీ ఇంటామెకు కట్టబెట్టు. నెమళ్లు మల్ల నేసియ్యి." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పరమేశ్వర్ చీరను మడతపెట్టి సుభద్రమ్మ చేతుల్లో ఉంచాడు. "వచ్చే చీర వచ్చింది సుభద్రా."

మర్నాడు ఆమె ఆ చీర కట్టుకుని నీళ్లకు వెళ్లింది. కొంగు మీది సొరకాయలను నిమురుతూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ జరిగిందంతా చెప్పింది. ఆమెనంత సంతోషంగా పరమేశ్వర్ ఎన్నడూ చూడలేదు.

ఆ వారం చినుకు పడకపోయినా, వీధిలో చాలా మగ్గాల అట్టలను ఇల్లాళ్లు విప్పి ఎండకేశారు.