చుక్కమ్మ గుండె, అధ్యక్షులవారి ప్రసంగం

ఒక పెద్ద అడవిలో తూర్పు ప్రాంతం, పడమటి ప్రాంతం అని రెండు ఉండేవి. మధ్యలో గీత ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. కానీ ఆ గీత పేరు చెప్పుకుని రెండు వైపులా సమితులు, సమితులకు అధ్యక్షులు, అధ్యక్షులకు బావమరుదులు పుట్టుకొచ్చారు.

గీత మీదే, ఏటి ఒడ్డున ఒక పచ్చిక మైదానం ఉంది. ఎండాకాలంలో అడవంతా మాడిపోయినా అక్కడ మాత్రం గడ్డి మోకాలెత్తు ఉంటుంది. అది మాదంటే మాదని చాలాకాలం కొట్టుకుని, చివరికి పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఏటా చలి తగ్గగానే దూరపు స్వారీ పోటీ. గెలిచిన ప్రాంతానికి ఆ వేసవి మైదానం.

ప్రాంతానికి మూడు గుర్రాలు, వాటి మీద మూడు కొండముచ్చులు. పొద్దున బయల్దేరి అడవంతా చుట్టి సాయంత్రానికి తిరిగి రావాలి. దారిలో మజిలీలు ఉంటాయి. మజిలీకి చేరాక కాసేపు విశ్రాంతి, ఆ తర్వాత డాక్టరు వచ్చి గుర్రం గుండె చూస్తుంది. పరుగుకి ఎగిరిన గుండె అప్పటికీ నెమ్మదించకపోతే ఆ గుర్రాన్ని అక్కడే ఆపేస్తారు. మూడింట్లో ఒక్కటి ఆగినా జట్టంతా ఓడినట్టే.

డాక్టరు శ్వేతాంబ గారు తెల్లకొంగ. గుర్రం రొమ్ముకి తల ఆనించి ఒంటికాలి మీద నిలబడుతుంది. పక్క చెట్టు మీద వడ్రంగిపిట్ట టక్, టక్, టక్ అని ఒకే తీరున కొడుతుంది. గుర్రం గుండె ఆ పిట్టకంటే జోరుగా కొట్టుకుంటే ఇక ఇంటికే. ఆవిడ ముందు సిఫార్సులు నడవవు. అందుకే ఆవిడకు ఇంతవరకు ఒక్క సన్మానం కూడా జరగలేదు.

గెలిస్తే దండలు కొండముచ్చులకు వేస్తారు. గుర్రాలకు వేస్తే తినేస్తాయని భయం.

తూర్పు జట్టులో చుక్కమ్మ అనే ఆడగుర్రం ఉండేది. నుదుట తెల్లచుక్క, సన్నని కాళ్ళు. పరిగెత్తడం మొదలుపెడితే అడవిలో దాన్ని అందుకునేవాళ్ళు లేరు. ఉన్న చిక్కల్లా గుండెతోనే. కాళ్ళు ఆగినా అది ఆగేది కాదు. గడ్డి ఏమవుతుందో, పిల్ల ఏం తింటుందో అని కొట్టుకుంటూనే ఉండేది. పోయినేడు చివరి మజిలీలో అలాగే ఆపేశారు. ఆ వేసవి తూర్పు గుర్రాలు చెట్ల బెరడు నమిలి బతికాయి. చుక్కమ్మకు పాలెండిపోయాయి. పిల్ల పొట్ట వీపుకి అంటుకుపోయి, నిలబడితే కాళ్ళు వణికేవి. ఈసారీ మైదానం రాకపోతే అది మరో వేసవి దాటదని తల్లికి తెలుసు.

జట్టు మేనేజరు జంబులయ్య అనే నక్క. పనికి మెత్తన, మాటకు గట్టి. పోటీ ముందురోజు ప్రారంభసభకు చుక్కమ్మ ఆలస్యమైతే, "అధ్యక్షులవారు వచ్చేశారు, నా పరువు తీస్తావా!" అని దాన్ని అడవి చివరి నుంచి పరుగు పెట్టించుకొచ్చాడు. పాపం, అది చెమటలు కక్కుతూ వచ్చి వెనక వరసలో నిలబడింది.

తూర్పు సమితి అధ్యక్షుడు భీమశంకరం గారు అడవిదున్న. అప్పుడే గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! తూర్పు అడవి అంటే ఏమిటి? తూర్పున ఉన్న అడవి. దీన్ని పడమటి అడవి అనగలమా? అనలేం. ఎందుకనలేం? ఆలోచించండి. నిన్న నిన్నే అయింది. నేడు నేడే అవుతోంది. రేపు మాత్రం రేపే అయి తీరుతుందని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను!"

వెనకనుంచి డాక్టరమ్మ మామూలు పరీక్షలు చేసుకుంటూ వచ్చి చుక్కమ్మ రొమ్ముకి తల ఆనించింది. తల తీసి, దాని మొహం చూసి, మళ్ళీ ఆనించింది.

"ఇప్పుడే పరిగెత్తుకొచ్చావు కదే? పిట్ట ఒకటి కొట్టేలోపు నీ గుండె సగం కూడా కొట్టడం లేదు. ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. వారి మాటలు వింటూ నిలబడ్డాను. ఎక్కడో మబ్బులో తేలినట్టుంది," అంది చుక్కమ్మ ఆవలిస్తూ.

ఈ మాట జంబులయ్య చెవిన పడింది. సభ చూశాడు. గుర్రాలు నిద్ర, కొండముచ్చులు నిద్ర, వేదిక మీద సమితి సభ్యులూ నిద్రే. ఇన్నేళ్ళుగా ఇంత మంచి మందుని ఊరికే పారబోసుకున్నాం కదా అని వాడికి ఏడుపొచ్చింది.

సభ అయిపోగానే అధ్యక్షులవారి కాళ్ళ మీద పడ్డాడు.

"అయ్యగారూ, మన గుర్రాలు మీ ప్రసంగం మళ్ళీ వినాలంటున్నాయి. మజిలీ మజిలీకీ తమరు వచ్చి నాలుగు ముక్కలు చెప్పకపోతే పరిగెత్తమని మొండికేశాయి."

భీమశంకరం గారికి నోట మాట రాలేదు. అలా జరగడం వారి జీవితంలో అదే మొదలు.

"మళ్ళీ వినాలన్నాయా? వాటంతట అవే?"

"ఒట్టు అయ్యగారూ."

"సరే, ప్రజలు అడిగాక కాదంటే బాగుండదు," అన్నారు వారు, తోక ఆడకుండా బిగబట్టుకుని.

మర్నాడు పోటీ మొదలైంది. మొదటి మజిలీలో తూర్పు గుర్రాలు వగరుస్తూ దిగేసరికి అధ్యక్షులవారు అడ్డదారిన ముందే వచ్చి బండ మీద సిద్ధంగా ఉన్నారు. "అభివృద్ధి అనేది అభివృద్ధి చెందాలి..." అని ఎత్తుకున్నారు. ఆ వాక్యం ముగిసేలోపు మూడు గుర్రాల తలలూ వాలిపోయాయి. శ్వేతాంబ గారు ఒక్కొక్కటే చూసి, "పొండి," అంది.

పడమటి జట్టు మేనేజరు కంటకయ్య అనే ముళ్ళపంది. ఇది చూసి వాడి ముళ్ళన్నీ లేచాయి.

"డాక్టరమ్మా, ఇదేం న్యాయం? పోటీలో గుర్రాలకు మందులివ్వకూడదని మీరే కదా అన్నది!"

శ్వేతాంబ గారు ఒంటికాలి మీద చాలాసేపు ఆలోచించింది.

"మందంటే ఆకో, వేరో, ఏదో ఒక పదార్థం ఉండాలి కంటకయ్యా. అధ్యక్షులవారి ప్రసంగం మొత్తం విన్నాను. అందులో ఏ పదార్థమూ లేదు. కాబట్టి నియమాలకు విరుద్ధం కాదు."

కంటకయ్య ముళ్ళు దించుకుని, తన గుర్రాలు కూడా నిద్రలో పడకుండా వాటి చెవుల్లో ఆకులు కుక్కి దూరంగా తీసుకుపోయాడు. వాటికి కొండలెక్కే అలవాటు. గుండెలు వాటంతట అవే నెమ్మదిస్తాయి. కాకపోతే చుక్కమ్మంత వేగం లేదు.

రెండో మజిలీలోనూ అదే వరస. అధ్యక్షులవారు నీటి ప్రాముఖ్యం గురించి చెప్పారు. నీరు లేకపోతే నీరు ఉండదని నిరూపించారు. గుర్రాలు హాయిగా తూగాయి. చుక్కమ్మ మీద కూర్చునే కోటిలింగం అనే కొండముచ్చయితే కిందపడి కూడా లేవలేదు. ఎత్తి మళ్ళీ జీనులో కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అక్కడినుంచి చుక్కమ్మ ఎలా పరిగెత్తిందో చూడాల్సిందే. గుండె కుదుటపడ్డ గుర్రం పరుగు వేరు. మిగతా రెండిటినీ వెంట లాక్కుపోయింది. చివరి మజిలీకి చేరేసరికి పడమటివాళ్ళు కనుచూపు మేరలో లేరు. ఇక ఈ ఒక్క పరీక్ష దాటితే ఏటి వెంట తిన్నని దారి, దాని చివర మైదానం. గాలిలో పచ్చగడ్డి వాసన అప్పుడే వస్తోంది. ఈ వేసవి పిల్ల కడుపునిండా తింటుందనుకుంది చుక్కమ్మ.

జంబులయ్య కోటిలింగానికి వేయబోయే దండ కూడా తెప్పించేశాడు.

అధ్యక్షులవారు బండ ఎక్కి గుర్రాల వైపు చూశారు. మూడూ అలవాటు కొద్దీ ముందే కళ్ళు మూసుకున్నాయి. అది చూసి వారి కళ్ళు చెమర్చాయి. కొంచెంసేపు మాట్లాడలేకపోయారు. జంబులయ్య భయపడింది అక్కడే.

"ఏళ్ళ తరబడి మాట్లాడుతున్నాను," అన్నారు చివరికి, కొత్త గొంతుతో. "ఇలా కళ్ళు మూసుకుని, తల వంచుకుని, భక్తితో విన్నవాళ్ళు లేరు. ఇంట్లో నా భార్య కూడా వినదు. మీలాంటి వాళ్ళ దగ్గర దాపరికం పనికిరాదు. ఈ ఒక్కరోజు మనసు విప్పి మాట్లాడతాను. ఆ మైదానం సంగతి చెప్పేస్తాను."

పిల్లతల్లి నిద్ర ఎంతలోది? మైదానం అన్న మాటకే చుక్కమ్మ చెవి ఒకటి అటు తిరిగింది.

"మీరు గెలవగానే దాన్ని మా బావమరిది మందకు ఇచ్చెయ్యాలని సమితిలో తీర్మానం చేసేశాం. మిమ్మల్ని తక్కువ చేయడం కాదు. బాగా ఆలోచించే చేశాం. గడ్డి మీకిస్తే తింటారు, అయిపోతుంది. కీర్తి అలా కాదు, ఎంత మేసినా తరగదు. అందుకని కీర్తి మీకు, గడ్డి మాకు!"

చుక్కమ్మ కళ్ళు తెరిచింది.

శ్వేతాంబ గారు సరిగ్గా అప్పుడే దాని రొమ్ముకి తల ఆనించింది. ఆనించినట్టే వెనక్కి తీసింది. ఆ చప్పుడు దూరంగా ఉన్నవాళ్ళకూ వినిపిస్తోంది. చెట్టుమీద వడ్రంగిపిట్ట తన కొట్టుడు మరిచి కిందికి చూసింది.

జంబులయ్య బండ దగ్గరకు పరిగెత్తాడు. "అయ్యగారూ, మీకు దండం పెడతాను! మామూలుగా మాట్లాడండి! తూర్పు అంటే ఏమిటో చెప్పండి! రేపు రేపే అవుతుందనండి!"

"లేదు జంబులయ్యా, ఈరోజు నన్నాపకు," అన్నారు అధ్యక్షులవారు. నిజం చెప్పడంలో ఉన్న సుఖం వారికి లేటు వయసులో తెలిసింది. పోయినేడు గెలిచినా ఇలాగే చేద్దామనుకున్నామని, అంతకుముందేడు గెలిచినప్పుడు గడ్డికి పురుగు పట్టిందని నమ్మించి చేసిందీ అదేనని పూసగుచ్చినట్టు చెప్పారు. మిగిలిన రెండు గుర్రాలూ లేచాయి.

"ఏమే చుక్కమ్మా, ఏమైనా తిన్నావా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"తినలేదమ్మా. తినేది లేదని విన్నాను."

శ్వేతాంబ గారు రెక్కతో దాని మెడ నిమిరింది. "నీ గుండెకు జబ్బు లేదమ్మా. అది కొట్టుకోవాల్సిన చోటే కొట్టుకుంది. కానీ నా నియమం ప్రకారం నిన్ను పంపలేను," అంది. తూర్పు జట్టు పోటీలోంచి పోయింది.

అప్పటికి కోటిలింగం నిద్రలేచాడు. "ఏమైంది? గెలిచామా? కావాలంటే నా గుండె చూడండి, చాలా బాగుంది," అని, ఎవరూ పట్టించుకోకపోయేసరికి దండ తనే తీసి మెళ్ళో వేసుకున్నాడు.

పొద్దువాలే వేళకు పడమటి గుర్రాలు తీరిగ్గా వచ్చి గెలిచాయి. వాళ్ళ సంబరాల మధ్యలోంచి చుక్కమ్మ తిన్నగా కంటకయ్య దగ్గరకు వెళ్ళింది. బతిమాలడం దానికి చేతకాదు.

"కంటకయ్యా, మైదానం మీదే, కాదనను. ఒక మూల నా పిల్లను మేయనిస్తావా?"

కంటకయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మూలెందుకు తల్లీ, మీ గుర్రాలన్నిటినీ తెచ్చుకో. మా గుర్రాలకు కొండగడ్డి తప్ప సయించదు. ఆ మైదానం గెలవాలని తప్ప మేయాలని మావాళ్ళెవరికీ లేదు. మా అధ్యక్షులవారితో మాత్రం అనకు. మిమ్మల్ని ఓడించామని సంతోషంగా ఉన్నారు."

ఆ వేసవి తూర్పు గుర్రాలు మోకాలెత్తు గడ్డిలో మేశాయి. చుక్కమ్మ పిల్ల మెడ నిగనిగలాడింది. గీతకు ఇవతల భీమశంకరం గారి బావమరిది నిలబడి చూస్తూ ఎండుటాకులు నమిలాడు. వచ్చేయేడు ఎలాగైనా ఓడిపోవాలని తూర్పు గుర్రాలన్నీ ఇప్పటినుంచే గట్టిగా సాధన చేస్తున్నాయి.

తూర్పు సమితి మాత్రం ఓటమి మీద విచారణ జరిపించింది. అధ్యక్షులవారు నిజం చెప్పడమే కారణమని తేలింది. భీమశంకరం గారు నిండు సభలో తప్పు ఒప్పుకుని, ఇక మీదట ఎన్నడూ అలా జరగదని మాటిచ్చారు. సభ చప్పట్లు కొట్టి, వారినే మళ్ళీ అధ్యక్షుణ్ణి చేసి, హాయిగా నిద్రపోయింది.

నీతి: నాయకుల అబద్ధాలు గుండెకు మంచివి, ఆరోగ్యం కావలసినవాళ్ళు నిజం వినబడగానే చెవుల్లో ఆకులు కుక్కుకోవాలి.