నలభై ఒక్క సూచనలు

గ్రంథాలయాల సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసుకునే విధానాన్ని ఇకపై ఓనమాలు రానివారికి కూడా అర్థమయ్యేలా పుస్తకంగా రాయించాలని సంస్థ యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ పుణ్యకార్యం ఫోన్లెత్తే అమ్మాయి నెత్తిన పడింది. నెలాఖరుకు సందేహాల ఫోన్లు సగానికి తగ్గితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటిదారి. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే కాబట్టి, ఆమె తీర్మానాన్ని నిజమనే నమ్మింది.

రోజూ ఫోన్ చేసే లైబ్రేరియన్ దగ్గరే ముందుగా వాకబు చేసింది.

"పాత పుస్తకంలో తగిన చోట భద్రపరచండి అని రాశారు కదమ్మా. పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టి తాళమేశాను. తర్వాతేం చెయ్యాలి?"

ఆమె నవ్వలేదు. ఎక్కడ నొక్కాలో, నొక్కితే ఏం కనబడుతుందో, ఏమీ కనబడకపోతే ఎంతసేపు ఓపిక పట్టాలో పూసగుచ్చినట్టు నలభై ఒక్క సూచనలు రాసింది.

వాటిని పరిశీలించడానికి కొత్తవారి సౌలభ్య సంఘం కొలువుదీరింది. సభ్యుల సగటు అనుభవం పంతొమ్మిదేళ్లు. తనకు తెలిసిన సూచనను ప్రతి సభ్యుడూ కొట్టేయడం ఆ సంఘం ఆచారం.

"ఇది తెలియనివాడు ఉంటాడా తల్లీ?" అంటూ పెద్ద ఇంజనీరు పన్నెండు కొట్టేశాడు. పాఠకుల తెలివిని కించపరచరాదని శిక్షణాధికారి మరో పదిహేను తీసేశాడు. మిగతావారు మిగతావి కానిచ్చారు. చివరికి పదిహేడో సూచన ఒక్కటే బతికి బట్టకట్టింది. అది ఎవరికీ తెలియదు. వాళ్ల కంప్యూటర్లలో ఆ పని ఎప్పుడూ ఇంకెవరో వచ్చి చేసిపోతారు.

"మనకే కొరుకుడు పడలేదు, పాపం కొత్తవాళ్లకేం పడుతుంది?" అని దాన్నీ దయతలచి తొలగించారు.

అట్ట, ముందుమాట, కృతజ్ఞతలు మాత్రమే మిగిలాయి.

"వెనకట్ట మీద ఫోన్ నంబరైనా ఉంచండి సార్" అందామె.

"ఇంత తేలికైన పుస్తకానికి ఫోనెందుకమ్మా?" అంటూ ఆ లైనే తీయించేశాడు సంఘం అధ్యక్షుడు. ఆవిష్కరణ సభలో ఆయన సరళత గురించి గంటన్నర ప్రసంగించాడు.

నెలాఖరుకు ఒక్క ఫోనూ రాలేదు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

కొత్త ఉద్యోగుల వరసలో నిలబడి ఉత్తర్వు అందుకుంది. 'అవసరమైన ధ్రువీకరణలతో సంబంధిత విభాగమునందు యథావిధిగా హాజరు కావలెను' అని అందులో ఉంది. ఏ ధ్రువీకరణలో, ఏ విభాగమో లేదు.

"అర్థమైంది కదమ్మా?" అన్నాడు గుమాస్తా.

వెనక వరస మొత్తం ఆమెనే చూస్తోంది. అర్థమైందని తలూపింది.

బయట వరండాలో, ఆమెకంటే ముందు తలూపినవాళ్లంతా ఉత్తర్వులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.