రాజుగారి బొమ్మ దాటితేనే నీళ్ళు

అడవి పెద్దదే, నీళ్ళే తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే అందరికీ కలిపి ఉన్నది ఒక్క మడుగు. అక్కడ తొక్కిసలాట ఎక్కువైపోయిందని సింహరాజుగారు ‘నీటివంతు’ అని ఒక వెబ్ యాప్ పెట్టించారు. ఫోన్లో లింకు నొక్కాలి, అది తెరుచుకోవాలి, వంతు చీటీ రావాలి, దాన్ని రేవులో కాపలా ఉన్న మొసలికి చూపించాలి. అప్పుడు గానీ మూతి తడవదు. అడవిలో ఫోన్లెక్కడివని అడక్కండి. నీళ్ళు లేని చోట కూడా ఫోన్లుంటాయి, మీకు తెలియంది కాదు.

చిక్కల్లా ఆ తెరుచుకోవడం దగ్గరే వచ్చింది. లింకు నొక్కగానే తెల్లటి తెర మీద ఒక సున్నా గిర్రున తిరిగేది. అలా తిరుగుతూనే ఉండేది. ఈలోగా వంతు కాస్తా దాటిపోయేది.

ఆ యాప్ శాఖకి అధికారి ఎల్లమంద అనే ఎలుగుబంటి. మంచివాడే, కాకపోతే ఒళ్ళు బద్ధకం. ఆఫీసు వెనక తేనెపట్టు, పట్టు కింద నీడ, నీడలో కునుకు, అంతకు మించి లోకంలో ఇంకేమీ కోరని జీవి. ఓ రోజు రాజుగారు అతన్ని పిలిపించి, ఎండలు ముదిరేలోగా ఆ తిరిగే సున్నా ఎవరికీ కనపడకూడదనీ, కనపడితే బండగుట్టకి బదిలీ అనీ చెప్పేశారు. బండగుట్ట పేరు వింటే చాలు, ఉద్యోగులకి చెమటలు పడతాయి. అక్కడ చెట్టు లేదు, తేనె లేదు, సిగ్నల్ అసలే లేదు. ఆ మధ్యాహ్నం ఎల్లమందకి కునుకు పట్టలేదు. బుద్ధెరిగాక అదే మొదటిసారి.

మర్నాడే కోతుల్ని కూర్చోబెట్టాడు. యాప్ రాసింది వాళ్ళే. వాళ్ళ పెద్ద కోటిలింగం తప్పంతా మొదట సర్వర్ మీదకి నెట్టాడు, తర్వాత నెట్ మీదకి, ఆ తర్వాత ఎండ మీదకి. ఎల్లమంద గోళ్ళు బయటపెట్టేసరికి అసలు సంగతి కక్కాడు. యాప్ తెరుచుకునే ముందు, ఎందుకైనా మంచిదని, అడవిలో ఉన్న ప్రతి జంతువు ఫొటోనీ ఫోన్లోకి దించుకుంటోందట. తీసెయ్యమని ఎవరూ అనలేదు గనక ఉంచేశామన్నాడు. ఎల్లమంద తీయించి, లింకు నొక్కి చూశాడు. రెప్ప వేసేలోగా చీటీ వచ్చి కూచుంది. పాపం, సంతోషంతో అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఆగితే మనకి కథే లేదు. ఆ అడవిలో ఏది అమల్లోకి రావాలన్నా ప్రొటోకాల్ చూసే కొంగ సరేననాలి. కొంగ ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని అంతా విని, తెర అలా బోసిగా ఉందేమిటని అడిగింది. రాజుగారి బొమ్మ లేకుండా రాజుగారి నీళ్ళు ఎలా ఇస్తారంది. అదెంత పని అనుకుని ఎల్లమంద బొమ్మ పెట్టించాడు. యాప్ వేగానికి ఆ బొమ్మ ఇలా వచ్చి అలా మాయమైంది. అప్పుడు కొంగ కళ్ళు తెరిచింది.

“ఏమండీ ఎల్లమంద గారూ, సభలో రాజుగారు కూర్చుని ఉండగా మనం లేచి వెళ్ళిపోతామా? మరి ఇక్కడ ఆయన్ని చప్పున తుడిచేస్తున్నారేమిటి?”

ఎల్లమందకి బండగుట్ట కళ్ళ ముందు కనపడింది. ఇక కొంగ ఏం చెబితే దానికి తలూపాడు. బొమ్మ ఉన్నంతసేపూ స్వాగతగీతం ఉండాలంది. ఆస్థాన గాయకుడు గాడిద కాబట్టి అతనే పాడాడు. చరణం అయిపోయిందనుకుంటే ఇంకో చరణం వచ్చేది. గీతం వస్తున్నంతసేపూ అందరూ తోక దించుకుని నిటారుగా నిలబడాలి. మధ్యలో ఎవరైనా బొమ్మని పక్కకి తోస్తే రాజుగారి చెంప మీద చెయ్యేసినట్టే లెక్క, పాట మళ్ళీ మొదటికొస్తుంది.

రాజుగారు సంగతి విని మురిసిపోయారు. సున్నా నిజంగానే పోయింది కదా. మండుటెండలో, ఆ బొచ్చు మీద, ఎల్లమందకి ఉన్ని శాలువా కప్పారు.

ఎండలు ముదిరాయి. జంతువులు రేవు దగ్గర తోకలు దించుకుని నిలబడేవి. గీతం అయ్యేసరికి వంతు దాటిపోయేది, మొసలి వెనక్కి పొమ్మనేది. సుభద్ర అనే లేడి నాలుక పిడచకట్టుకుపోయి ఎల్లమంద దగ్గరికొచ్చింది.

“ఎల్లమందన్నా, నీకు పుణ్యముంటుంది, మాకా తిరిగే సున్నానే ఇప్పించు. దానికైతే లేచి నిలబడక్కర్లేదు.”

ఎల్లమందకి జాలేసింది. జాలి కంటే భయం ఎక్కువేసింది. పై అధికారులతో మాట్లాడతానని చెప్పి పంపేశాడు. నిజానికి అతని వంతు కూడా రోజూ ఆ పాటలోనే కొట్టుకుపోతోంది.

ఇలా ఉండగా రాజుగారి గుహలో ఊట ఎండిపోయింది. ఆయనే స్వయంగా రేవుకి వచ్చారు. మొసలి వంగి దణ్ణం పెట్టి, నియమం పెట్టింది తమరే కదా అని చీటీ అడిగింది. పరివారమంతా చూస్తోంది, కాదనలేక రాజుగారు లింకు నొక్కారు. తెర నిండా జూలు, మీసాలు. గాడిద గొంతు ఎత్తుకుంది. రేవంతా తోకలు దించి నిలబడింది.

కాసేపు చూసి రాజుగారు, “ఎవడయ్యా వీడు? అడ్డం తప్పుకోమను” అన్నారు.

కొంగ కళ్ళు మూసేసుకుంది.

“తమరే ప్రభూ,” అన్నాడు ఎల్లమంద.

రాజుగారు పంజాతో బొమ్మని తోశారు. పాట మొదటికొచ్చింది. మళ్ళీ తోశారు, మళ్ళీ మొదటికొచ్చింది. ఆయన నాలుక బయటికి వేలాడింది. ఎదురుగా మడుగులో నీళ్ళు తళతళమంటున్నాయి. ఎల్లమంద గొంతు ఎండి, చెవుల్లో హోరు పుట్టింది. ఆ దాహంలో అతనికి భయం కూడా గుర్తు రాలేదు.

“ప్రభూ, యాప్ ఎప్పుడో బాగుపడింది. లింకు నొక్కగానే నీళ్ళే. మధ్యలో ఉన్నది తమరొక్కరే.”

అవునంటే రాజుగారే అడ్డమని ఒప్పుకున్నట్టు. కాదంటే నీళ్ళు లేవు. రాజుగారు మూతి నాక్కుని, తనకసలు దాహమే లేదనీ, ఊరికే రేవు చూసిపోదామని వచ్చాననీ సెలవిచ్చారు. సాయంత్రానికల్లా ఎల్లమందకి బదిలీ ఉత్తర్వు అందింది.

తేనెపట్టు కేసి ఆఖరిసారి చూసుకుని, ఏడ్చుకుంటూ బండగుట్ట ఎక్కాడు. పైన రెండు బండల మధ్య చీకటిగా ఒక దొన ఉంది. అందులో ఎప్పటి వాననీళ్ళో, చల్లగా, నిండుగా ఉన్నాయి. మొసలి లేదు, సిగ్నల్ లేదు, బొమ్మ లేదు. అయినా అలవాటు చొప్పున ఎల్లమంద తోక దించుకుని, పాటంతా మనసులో అయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత మూతి పెట్టి, కడుపు పట్టినంతా తాగాడు. తాగుతుంటే ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

కబురు ఎలా పాకిందో గానీ, ముందు సుభద్ర వచ్చింది, వెనకాల కోతులొచ్చారు. కొన్నాళ్ళకి కొంగ కూడా, ఆరోగ్యం బాగాలేదు కాబట్టి తనని బండగుట్టకి బదిలీ చేయించమని అర్జీ పెట్టుకుంది. రేవులో రాజుగారి గీతం మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉందట.

ఇంతకీ దీన్నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పెద్దలకి నిజం చెప్పకూడదు, చెప్పక తప్పకపోతే బదిలీ చేసే చోట నీళ్ళున్నాయో లేదో ముందు కనుక్కోవాలి.