రెండవ గొంతు గారికి ఉద్యోగం

జీవశాస్త్ర రంగంలో నియామకాలు ఇకపై కృత్రిమ మేధ చేతుల మీదుగా, అత్యంత బాధ్యతగా జరుగుతాయని ఒక కంపెనీ ప్రకటించిన రోజునే కామారెడ్డిలోని మా ఇంట్లో తోడు గురించి గొడవ జరిగింది. లీటరు పాలకు అర చెంచా చాలని మా తోటికోడలు గంగామణి అంది. నిండు చెంచా పడాల్సిందేనని మా అత్తమ్మ ఈరవ్వ అంది. అత్తమ్మ ఎల్లారెడ్డి నుంచి వచ్చేటప్పుడు తోడు కూడా గిన్నెలో తెచ్చుకుంటుంది (మా పెరుగుకు ఆమె దగ్గర ఇంకా గుర్తింపు రాలేదు).

గంగామణి సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ. నాలుగేళ్లు ల్యాబులో పనిచేసి, కూతురు బుజ్జి పుట్టాక మానేసింది. ఈ జూన్‌లో బుజ్జి బడికి పోతుంది, తాను ల్యాబుకు పోవాలని పాత తెల్లకోటు ఇస్త్రీ చేసి పెట్టుకుంది. రెండు కంపెనీలు ఆమె దరఖాస్తులో 'విరామం' అనే గడి దగ్గరే ఆగిపోయాయి. మేలుచేసే బ్యాక్టీరియాతో మాత్రలు తయారుచేసే ఈ మూడో కంపెనీ ఆ గడినే తీసేసింది. పక్షపాతం రాకూడదని పేరు, వయసు, ఊరు, చదువు, అనుభవం కూడా తీసేసింది. ఇక పరిశీలించడానికి మిగిలినవి గొంతు, కుర్చీ.

ఇంటర్వ్యూ ఫోన్‌లోనే, తెలుగులోనే; కెమెరా ముఖం వదిలేసి కుర్చీని మాత్రమే చూస్తుంది. సిగ్నల్ వంటింటి పక్క గదిలో తప్ప రాదు. పెద్దలు గదిలోకి వస్తే కోడళ్లు లేచి నిలబడటం మా ఇంటి పద్ధతి. అత్తమ్మ గిన్నె కోసం మూడుసార్లు వచ్చింది, గంగామణి మూడుసార్లు లేచింది. మూడోసారి లేచేసరికి, పాలలో వేసిన బ్యాక్టీరియా రాత్రంతా ఉంచినా పెరగకపోతే కారణమేమిటని యంత్రం అడుగుతోంది. గంగామణి కూర్చుని నోరు తెరిచేలోపే తలుపు వెనక నుంచి జవాబు వచ్చింది.

"పాలు సల్లారకముందే తోడేసిండ్రు. వేలు పెట్టి సూసుకోవద్దా? గిది గూడ తెల్వదా?"

యంత్రం ధన్యవాదాలు తెలిపింది.

మర్నాడు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది గంగామణికి: కుర్చీ వదిలిన సార్లు మూడు, స్థిరత్వం లేదు, తిరస్కరించడమైనది. రెండోది 'గౌరవనీయ రెండవ గొంతు గారికి': సూక్ష్మజీవ నిపుణులుగా ఎంపికయ్యారు, గురువారం తుది ఇంటర్వ్యూ.

గంగామణి కంపెనీకి ఫోన్ చేస్తే మానవ పర్యవేక్షణ అధికారి హన్మండ్లు మాట్లాడాడు. ప్రతి నిర్ణయాన్నీ ఒక మనిషి చూడాలన్నది నిబంధన, ఆ మనిషి ఆయనే. గంటకు నాలుగు వందల నిర్ణయాలు చూస్తాడట.

"మీదీ చూసిన మేడం. కండ్లు తెరుసుకునే చూసిన."

అప్పీలు చేసుకోవచ్చని, దాన్ని ఆ యంత్రమే వింటుందని చెప్పాడు (న్యాయం కోసం దాని పాత తీర్పును అది మరిచిపోయేలా చేస్తారట). ఆ రెండవ గొంతుకు డెబ్బై ఒక్క ఏళ్లని, బడి మొహం చూడలేదని గంగామణి చెప్పింది. హన్మండ్లు గొంతు తగ్గించి, వయసూ చదువూ ఎత్తి పక్షపాతానికి పాల్పడవద్దని హెచ్చరించాడు.

ఆ పూట గంగామణి కోటు మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. అత్తమ్మ అది చూసింది. అందరం భోజనాలకు కూర్చున్నాక, పెరుగు వడ్డించే ముందు గరిటె పక్కన పెట్టింది.

"బేస్తారం నాడు కుర్చీల నేను కూసుంట. కదల. గంగామణీ, నువ్వు తలుపెనుక నిలవడి చెప్పు. కొలువు తలుపెనుక గొంతుకే ఇస్తరట గద."

గంగామణి చాలాసేపు అన్నం కలిపింది.

"తోడు సంగతి అడిగితే అర చెంచనే అంట అత్తమ్మా."

అత్తమ్మ ఆలోచించింది. "ముప్పావు అను."

అలా నిర్ణయమైంది. కోటు మళ్లీ బయటికి వచ్చింది. తలుపు వెనక నిలబడి మాట్లాడే ఆచారాన్ని మా ఇంట్లో కోడళ్ల చేత మాన్పించింది అత్తమ్మే, అందుకు ఆమెకు ముప్పై ఏళ్లు పట్టింది. కంపెనీ దాన్ని ఒక్క ఇంటర్వ్యూలో, అత్యంత బాధ్యతగా తిరిగి తెచ్చింది.