ముత్యాలరావుకి స్పేరు

పెదనందిపురం పురపాలక సంఘం నీటి సరఫరా విభాగం, వాల్వులు తిప్పే తాతపూడి ముత్యాలరావుకి ఒక స్పేరు ముత్యాలరావును టెండరు పిలిచి తెప్పించుకుంది. సరుకు సోమవారం పదకొండు గంటలకు చిన్న లారీలో వచ్చింది. స్టోర్ కీపరు సంతకం పెట్టి దింపించుకుని, ఎండ తగలకుండా పంపుల షెడ్డులో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చాడు. ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. మోటారుకి స్పేరు ఉన్నప్పుడు మనిషికి లేకపోవడమే ఇన్నాళ్ళూ వింత.

దీనంతటికీ మూలం ఒక సెలవు చీటీ. ముత్యాలరావు తన పాతికేళ్ళ సర్వీసులో మొదటిసారి మూడు రోజులు సెలవు అడిగాడు. అతని భార్య నాగరత్నానికి లాంచీ ఎక్కి పాపికొండలు చూడాలని కోరిక. పెళ్ళయిన కొత్తలో అడిగితే, ఈ వేసవి గట్టెక్కాక వెళ్దామన్నాడు. అలా ఇరవై రెండు వేసవులు గట్టెక్కాయి. ఈ ఏడు ఆవిడ అడగడం మానేసింది. పాపం, దానికే అతను భయపడ్డాడు.

ఊరి నేల కింద నలభై ఒక్క వాల్వులున్నాయి. అవి ఎక్కడెక్కడున్నాయో చూపించే పటం ఎప్పుడో వరదల్లో నాని ముద్దయిపోయింది. ఏడో వార్డు వాల్వుని ఎడమకి రెండున్నర చుట్లు తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి, మడమతో ఒక్కటి తన్నాలి. తొమ్మిదో వార్డుది కిళ్ళీకొట్టు బల్ల కింద ఉంది. దాన్ని తిప్పాలంటే ముందు కొట్టాయన కూతురి చదువు గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. ఇదంతా ముత్యాలరావు బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

సెలవు చీటీ డిప్యూటీ ఇంజినీరు హైమావతి గారి బల్ల మీదకి వెళ్ళింది. ఆవిడ అప్పుడే ఇంజినీరింగ్ మేనేజ్‌మెంటులో అయిదు రోజుల శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. శిక్షణలో చెప్పినదాన్ని నిజంగా నమ్మే మనిషి. అలాంటివాళ్ళు ఆఫీసుకొకరు దొరకడమే గగనం, కాబట్టి ఆవిడ్ని ఒక్క మాట అనడానికి కూడా నోరు రావడం లేదు. ఏ సమస్యనైనా అయిదుసార్లు ‘ఎందుకు’ అని అడిగితే మూలకారణం బయటపడుతుందని అక్కడ నేర్పారు. ఆవిడ ముత్యాలరావుని పిలిచి, కుర్చీ వేయించి మరీ అడిగారు.

“మీరు లేకపోతే ఊళ్ళో నీళ్ళు రావు. ఎందుకు?”

“వాల్వులు తిప్పాల కదండి.”

“వేరేవాళ్ళు తిప్పలేరు. ఎందుకు?”

“ఆళ్ళకి తెలవదండి.”

“ఎందుకు తెలియదు?”

“ఎవరూ నన్నడగలేదండి.”

“ఎందుకడగలేదు?”

“నేనున్నాను కదండి.”

“మీరు ఎప్పుడూ ఎందుకుంటున్నారు?”

“సెలవియ్యలేదండి,” అన్నాడు.

హైమావతి గారు దాన్ని మూలకారణంగా రాసుకున్నారు. ముత్యాలరావు పేరు రిస్కుల రిజిస్టరులో మొదటి వరసకెక్కింది. పగుళ్ళిచ్చిన ఓవర్‌హెడ్ ట్యాంకు రెండో వరసకి జరిగింది. ఆ రోజు అతను ఇంటికెళ్ళి, ఆఫీసులో మనమే ఫస్టు అని భార్యకి చెప్పుకుని మురిసిపోయాడు.

తర్వాత ప్రత్యామ్నాయాలు పరిశీలించారు. మొదటిది, వాల్వులన్నింటికీ కరెంటు మోటార్లు బిగించి ఆఫీసులో మీట నొక్కడం. దానికి ముందు వాల్వులెక్కడున్నాయో తెలియాలి. అది ముత్యాలరావు చూపించాలి, ముత్యాలరావుకి ఖాళీ లేదు. రెండోది, ఇద్దరు మనుషుల్ని పెట్టి పని నేర్పించడం, పటం గీయించడం. నేర్పాల్సింది కూడా ముత్యాలరావే, అందుకు నలభై రోజులు పడుతుంది, అన్నాళ్ళూ నీళ్ళు ఆగుతాయి. మూడోది, ఇంకో ముత్యాలరావుని తెప్పించడం. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు, తెలుసుకోనక్కర్లేదు. ఒక్కో అంశానికి ఇంత ప్రాధాన్యమని ముందే నిర్ణయించుకుని మార్కులు వేస్తే మూడోదానికి నూటికి ఎనభై ఏడు వచ్చాయి. మార్కులు వచ్చాక ఇంక వాదనేముంటుంది?

టెండరులో వివరాలన్నీ పొందుపరిచారు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఎడమ మోకాలు చలికాలంలో పట్టెయ్యాలి. ప్రతి మూడో వాల్వు తర్వాత ఒక బీడీ. మొత్తం మూడు కంపెనీలు ముందుకొచ్చాయి. ఒక కంపెనీ ముప్పై ఏళ్ళవాణ్ణి, మోకాలు బాగున్నవాణ్ణి ఇస్తామంది. అడిగినదానికంటే మెరుగ్గా ఉన్నందువల్ల ఆడిట్ అభ్యంతరం వస్తుందని దాన్ని తోసిపుచ్చారు. రెండోది సగం ముత్యాలరావుని ఇప్పుడు, మిగతా సగం ఆర్నెల్ల తర్వాత పంపిస్తానంది. మూడో కంపెనీకి ఆర్డరు వెళ్ళింది.

వచ్చినవాడు అచ్చుగుద్దినట్టే ఉన్నాడు. నెరిసిన వెంట్రుకల్ని నూటికి పది చొప్పున శాంపిలు తీసి లెక్కపెట్టి సరిపోయాయని రాసుకున్నారు. ముత్యాలరావు వాణ్ణి ఎగాదిగా చూసి, “ఏం తమ్ముడూ, దార్లో టిఫిను చేసేవా?” అని అడిగాడు. లేదని వాడు తల అడ్డంగా ఊపితే, దగ్గరుండి ఇడ్లీ పెట్టించాడు. అవును మరి, తన ఆకలి తనకు తెలియదా!

స్పేరు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి కాబట్టి అసలు ఎక్కడుంటే అక్కడే దాన్నీ ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. వారం రోజులు ఇద్దరూ కలిసి వాల్వులు తిప్పారు, కలిసి దగ్గారు, ఒకే ఇంట్లో భోంచేశారు. కొత్తవాడు ఎవరూ చెప్పకుండానే ఏడో వార్డు వాల్వుని మడమతో తన్నాడు. నాగరత్నం మాత్రం రెండో రోజుకే ఎవరెవరో పోల్చేసింది. చారు పోస్తుంటే స్పేరు తలెత్తి, “బావుంది” అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అసలువాడు ఆ మాట మనసులో ఇరవై రెండేళ్ళుగా అనుకుంటున్నాడు.

ఎనిమిదో రోజున పరీక్ష పెట్టారు. ముత్యాలరావుని ఆఫీసులో కూర్చోబెట్టి ఊరంతా స్పేరు చేత తిప్పించారు. నీళ్ళు అన్ని వార్డులకీ వచ్చాయి. తొమ్మిదో వార్డుకి మాత్రం నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. స్పేరుకి కిళ్ళీకొట్టాయన కబుర్లు కొత్త కావడంతో కాస్త ఎక్కువసేపు విన్నాడు. హైమావతి గారు ఆ నాలుగు నిమిషాల్ని తొమ్మిదో వార్డు ఇళ్ళతో గుణించి, రిస్కుల పట్టికలో పెట్టి, రెండు రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించారు. మూడో రోజు ముత్యాలరావుని పిలిచి మళ్ళీ కుర్చీ వేయించారు.

“మీ సెలవు మంజూరు చేశాను ముత్యాలరావు గారూ. మూడు రోజులూ.”

అతనికి కళ్ళు చెమర్చాయి. “ఎంత మాటండి. మీ మేలు మరిచిపోలేనండి.”

“పూర్తిగా వినండి. మిమ్మల్ని పంపించి ఊరిని స్పేరు మీద వదిలేస్తే, రిస్కు ఎర్ర గడిలోకొస్తోంది. స్పేరుని పంపించి మిమ్మల్ని ఇక్కడుంచితే పచ్చ గడి. అందుకని మీ సెలవు మీదే. వెళ్ళడం మాత్రం ఆయన వెళ్తారు.”

“మరి నేనోండి?”

“మీరు డ్యూటీలో ఉంటారు. మీ సెలవు వృథా కాదు, అది నా పూచీ.”

ఆవిడ ఆ మాట ఎంతో ప్రేమగా అన్నారు. అందులో తప్పు ఎక్కడుందో ముత్యాలరావుకి దొరకలేదు. నిజానికి లెక్కలో ఎక్కడా లేదు కూడా.

నాగరత్నానికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. “నువ్వు లేకుండా నాకెందుకయ్యా కొండలు?” అంది.

“నేనే కదే వచ్చేది. చూడు, మోకాలు కూడా నాదే.”

“నీ మోకాలెవడికి కావాలి?”

“ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పుడో. ఎళ్ళిరా రత్నం. నువ్వన్నా చూత్తే నాకదే పదేలు,” అన్నాడు. అతను ఆవిడ్ని పేరు పెట్టి పిలిచి చాలా ఏళ్ళయింది. దానికే కాబోలు ఆవిడ లేచి పెట్టె సర్దుకుంది.

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ బస్సెక్కారు. ముత్యాలరావు తనకి తనే సీటు వెతికి పెట్టి, కిటికీ దగ్గర రత్నాన్ని కూర్చోబెట్టమని తనకి తనే చెప్పి, ఒకటో వార్డుకి వెళ్ళిపోయాడు. ఆ మూడు రోజులూ ఊళ్ళో నీళ్ళు నిమిషం తేడా లేకుండా వచ్చాయి. హైమావతి గారు ఆ పద్ధతిని మిగతా ఊళ్ళక్కూడా సిఫారసు చేస్తూ పై ఆఫీసుకి రాశారు.

సోమవారం వాళ్ళు తిరిగొచ్చారు. స్పేరు నియమం ప్రకారం నివేదిక ఇచ్చాడు. కొండలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, గోదారి మలుపు దగ్గర గాలి బాగా వేసింది, ఆవిడ రెండుసార్లు నవ్వారు, ఒకసారి ఏడ్చారు. ముత్యాలరావు చదివించుకుని విని, అందినట్టు వేలిముద్ర వేశాడు. తర్వాత భార్య పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

“నేనెలాగున్నానే అక్కడ?”

“బావున్నావు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు,” అంది నాగరత్నం. ఆ తర్వాత లాంచీ కబుర్లు చెప్పింది. ఎక్కేముందు లాంచీ గుమస్తా అందరి పేర్లూ రాసుకుంటూ, ఉద్యోగస్తుల్ని మాత్రం అసలా స్పేరా అని అడిగాడట. మొత్తం నలభై మంది ఉద్యోగస్తులుంటే ముప్పై ఆరుగురు స్పేర్లేనట. కరెంటు ఆఫీసాయన, బ్యాంకాయన, ఇద్దరు డాక్టర్లు, అందరూ. పిల్లల్ని భుజాల మీదకెక్కించుకుని కొండలు చూపిస్తున్నారట.

“నిన్నడగలేదా?”

“నన్నెందుకడుగుతారు? ఇంట్లో ఆడాళ్ళకి స్పేర్లు లేవంట.”

తనొక్కడికే ఇలా జరగలేదని తెలిసి ముత్యాలరావు మనసు కుదుటపడింది. “మరి ఆ నలుగురు అసలోళ్ళు ఎవరే? అంత అదృష్టవంతులు?”

“రిటైరైపోయిన ఉద్యోగస్తులు. ముగ్గురు పక్కన సీటు కాళీగా పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నారు.”

ముత్యాలరావు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తనకి ఇంకా ఆరేళ్ళుంది. రత్నం ఆరోగ్యం ఎలా ఉందని అడుగుదామనుకున్నాడు గానీ, ఏడో వార్డుకి వేళ అవుతోందని లేచాడు. లోపల స్పేరు అన్నానికి కూర్చుంటూ, చారు బావుందన్నాడు.