కొత్త కోటు కోసం ఆగిన సైరన్

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు మా నీటి గేట్ల ఆఫీసు ఒక మహాసత్యాన్ని కనిపెట్టింది. వస్తువు పనిచేస్తుందా లేదా అన్నది చిన్న విషయం. అది ఎవరిదన్నదే అసలు విషయం.

నేను గేటు కాపలావాణ్ణి. నీళ్లు ఎర్రగీత దాటితే ఆఫీసు కంప్యూటర్ దానంతటదే సైరన్ మోగించేలా మా కోడలు ఒక ప్రోగ్రాం రాసింది. పెద్దవాన పడినప్పుడల్లా మోగింది. పల్లపు వీధి వాళ్లు పిల్లల్నెత్తుకుని మెరక మీదికి వచ్చారు. (మా ఇల్లూ ఆ వీధిలోదే.) మోగడం మీద ఆఫీసుకు అభ్యంతరమేమీ లేదు.

ఒకరోజు ఆఫీసు వస్తువులన్నిటికీ ముద్రలేసే ముద్రల అధికారి వచ్చి, మౌస్ కుడి మీట నొక్కి, ప్రోగ్రాం వివరాలు చూశాడు. చేసినవారి పేరు లేదు, సంస్థ లేదు, వెర్షన్ లేదు, బొమ్మ లేదు.

“ఇదేంటమ్మా, దిక్కూమొక్కూ లేనట్టుంది?”

“పనిచేస్తోంది కదండీ,” అంది కోడలు.

“పనిచేసేవి చాలా ఉంటాయమ్మా. ఎవరి తరఫున చేస్తోందో దానికే తెలియకపోతే ఎలా?”

ఆ నాలుగు ముక్కలూ పైన అంటిస్తే పోలేదా అన్నాను. కోడలు తల అడ్డంగా ఊపింది. “తర్వాత అతికిస్తే దొంగసరుకని ఈ కంప్యూటర్ నడవనివ్వదు మామయ్యా. పచ్చి ఇటుక మీద పేరు అచ్చేసి కాల్చినట్టు, తయారయ్యేటప్పుడే లోపల కలిపెయ్యాలి. పేరు మారిందా, మళ్లీ తయారు చెయ్యాల్సిందే.”

ఆ చివరి మాట ఆఫీసుకు తెగ నచ్చింది.

తయారుచేసినవారి చోట పెద్దాఫీసరు పేరు, హోదా పడ్డాయి. కోడలి పేరుకు చోటు లేదన్నారు. (ఉంది. నేను చూశాను, ఖాళీగానే ఉంది.) ఒకటో వెర్షన్ అంటే నిన్నగాక మొన్న నేర్చుకున్నట్టు ఉంటుందని నాలుగోది అన్నారు. బొమ్మగా నదిని పెడదామంటే, నది ఆఫీసు ఉద్యోగి కాదని పెద్దాఫీసరు ఫొటో పెట్టారు. గోరంత బొమ్మలో మీసం కంటికి ఆనడం లేదని ఇంకోసారి తయారు చేయించారు.

ఇంతలో పెద్దాఫీసరు ముఖ్య పెద్దాఫీసరు అయ్యాడు. పాత హోదా కడుపులో పెట్టుకుని సైరన్ మోగడం ఆయనకు అవమానం కనుక ప్రోగ్రాంను ఆపేశారు. కొత్త హోదాకు కొత్త ఫొటో కావాలి. ఫొటోకు కొత్త కోటు కావాలి. కోటు దర్జీ దగ్గరుంది.

“అందాకా పాతదాన్ని నడవనివ్వండి సార్. మబ్బు పట్టింది,” అంది కోడలు.

“మబ్బుదేముందమ్మా, రోజూ పడుతుంది. ప్రమోషన్ రోజూ వస్తుందా?” అన్నాడు ముద్రల అధికారి.

నది కోటు కోసం ఆగలేదు. మధ్యాహ్నం గీత దాటింది. నేను, కోడలు పల్లపు వీధిలో చెరోవైపు తలుపులు బాదుకుంటూ పరుగెత్తాం. వీధి చివరికి వెళ్లేసరికి నీళ్లు గుమ్మాలు దాటేశాయి. చివరిల్లు దర్జీది. అతన్ని కిటికీలోంచి లాగాం.

“కుట్టుమిషను పోయింది బాబాయ్!” అని గుండెలు బాదుకున్నాడు.

సాయంత్రం ఆఫీసు వాళ్లు అతన్ని చూడటానికి వచ్చారు. కోటు గురించి అడిగారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర రైలు పట్టా ముక్క ఒకటి గంటలా వేలాడదీసి, పక్కన సుత్తి పెట్టాను. పట్టా మీద సున్నంతో ముఖ్య పెద్దాఫీసరు పేరు, కింద నాలుగో వెర్షన్ అని కోడలి చేత రాయించాను. లేకపోతే కొట్టనివ్వరు.