బ్రేకుల్లేని శాఖ

"నా శాఖలో ఇకమీదట బ్రేకులన్న మాట వినపడకూడదు!" అని రవాణా మంత్రిగారు నిండు సభలో గర్జించారు. పనుల్లో జాప్యం గురించే ఆయన అన్నది. కానీ మహానుభావుల మాటలకు అర్థాలు తీసే భాగ్యం కింది ఉద్యోగులది కదా! చప్పట్లు సద్దుమణిగేలోగా ఆ మాట సర్క్యులరయింది. సాయంత్రానికల్లా, మంత్రిగారి కారును బ్రేకుల రిపేరుకిచ్చిన గ్యారేజీకి చేరింది.

ఆ గ్యారేజీ మంత్రిగారి బావమరిదిది. శాఖ కార్లన్నీ అక్కడే బాగవుతాయి. బాగయినట్టు రికార్డుల్లో ఉంది.

మర్నాడు పొద్దున్నే కారు తెచ్చుకోవడానికి మంత్రిగారి డ్రైవరు వెళ్ళాడు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో అతను కోడిపిల్లను కూడా తొక్కించలేదు. నలుగురిలో చెప్పుకోడు గానీ, జీవితంలో తను సాధించింది అదొక్కటేనని అతని లెక్క. గ్యారేజీ గేటు దగ్గర బ్రేకు నొక్కితే, పెడలు ఏ అభ్యంతరమూ చెప్పకుండా నేలకంటా దిగిపోయింది. వాచ్‌మన్ స్టూలు వదిలేసి గోడెక్కాడు. డ్రైవరు హ్యాండ్ బ్రేకు గుంజితే, కారు ఆ స్టూలును పచ్చడి చేసి ఆగింది.

అతను కారు దిగి ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. బావగారి ఫోటో కింద బావమరిది కూర్చుని ఉన్నాడు. బల్ల మీద సంతృప్తి పత్రం సిద్ధంగా ఉంది.

"సార్, బ్రేకులు పడటం లేదు."

"ష్! సర్క్యులర్ చూళ్ళేదా? ఆ మాట అనకూడదు."

"మరేమనాలి సార్?"

"గమన నియంత్రణ సౌకర్యం అనాలి. ఇంతకీ కారు పోతోందా, లేదా?"

"పోతోంది సార్. గొడవంతా అదే. ఆగటం లేదు."

"పోయే కారు మీద ఫిర్యాదేమిటయ్యా? పోకపోతే చెప్పు, చూస్తాం. ఇక్కడ సంతకం పెట్టు."

"అసలు ప్యాడ్లు మార్చారా సార్?"

"మార్చకేం? ఎడమవి కుడికి, కుడివి ఎడమకి."

డ్రైవరు సంతకం పెట్టలేదు. సంతృప్తి లేని మనిషి జన్మలో బాగుపడడని బావమరిది జాలిపడి, ఆ సంతకం కూడా తనే పెట్టేశాడు.

మంత్రిగారి బంగళా గుట్ట మీద ఉంది. అక్కణ్ణించి రోడ్డు జారుడుబల్లలా దిగి, సరిగ్గా ఒక బడి గేటు ముందు మలుపు తిరుగుతుంది. డ్రైవరు రోజూ మొదటి గేరులో, హ్యాండ్ బ్రేకు పట్టుకుని, నత్తనడకన కారు దింపేవాడు. అది తన హోదాకు చేసే మర్యాద అనుకుని మంత్రిగారు మీసం దువ్వుకునేవారు. గేటు దగ్గర పిల్లలు కనిపిస్తే డ్రైవరుకు భయం వేసేది, ఆ భయాన్ని చూసి ఇంకా భయం వేసేది.

"ఈ దిక్కుమాలిన ఉద్యోగం మానెయ్యండి," అంది భార్య.

"మానేస్తే ఇంకోడు నడుపుతాడే. వాడికి బ్రేకుల్లేవన్న సంగతి కూడా తెలీదు."

ఆ వారంలోనే మంత్రిగారి పర్యటన వచ్చింది. రోడ్డు పక్కన జనం అర్జీలు పట్టుకుని రెండు గంటలుగా ఎండలో నిలబడ్డారు. డ్రైవరు గేర్లు తగ్గించి హ్యాండ్ బ్రేకు లాగాడు. అదీ బావమరిది చేతి చలవే కాబట్టి పుటుక్కున తెగింది. కారు జనాన్ని దాటిపోయి, ఫర్లాంగు అవతల ఇసుకకుప్పలో దూరింది. 'ఆగని అమాత్యుడు' అని మర్నాడు పేపర్లన్నీ కొనియాడాయి. అర్జీలు పుచ్చుకునే పీడ విరగడైనందుకు మంత్రిగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు.

"శభాష్! ఇన్నాళ్ళూ ఈ తెలివి ఏమైందయ్యా నీకు?"

"తెలివి కాదు సార్. బ్రేకుల్లేవు."

మంత్రిగారు మీసం దువ్వుకోవడం ఆపేశారు.

"నేను కూర్చున్నప్పుడు కూడానా?"

"అప్పుడూ లేవు సార్."

పెట్రోలు పొదుపు కోసం ఇకపై కాలినడకనే తిరుగుతానని మంత్రిగారు ఆ సాయంత్రమే ప్రకటించారు. అంతటితో తృప్తిపడలేదు. ప్రజాస్వామ్య విలువల మీది గౌరవంతో తన కారును, డ్రైవరుతో సహా, పక్క బంగళాలో ఉండే ప్రతిపక్ష నాయకుడికి కేటాయించారు. ఇంత విశాల హృదయం ఎంతమందికుంటుంది?

నాయకుడు కారులో ఒక కాలు పెట్టాక డ్రైవరు ఉన్న మాట చెప్పేశాడు. ఆయన ఆ కాలు చటుక్కున వెనక్కి తీసుకుని, పట్టరాని ఆనందంతో ఊగిపోయాడు.

"హత్యాయత్నం! కారును ఈ క్షణమే కిందికి పోనియ్. జనం ముందు నిలబెట్టి వాళ్ళ పరువు గంగలో కలిపేస్తా!"

"ఇప్పుడు బడి వదిలే టైము సార్."

"మరీ మంచిది. జనం ఉంటారు."

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి చెప్పిన పని చెయ్యలేదు. నాలుగు టైర్లలో గాలి తీసేసి, ముందు చక్రాల కింద రెండు బండరాళ్ళు దోపాడు.

నాయకుడు సభకు నడిచి వెళ్ళి గొంతు చించుకున్నాడు. మంత్రిగారు తక్షణం విచారణ కమిటీ వేశారు. నాయకుణ్ణే అధ్యక్షుడిగా, బావమరిదిని సాంకేతిక నిపుణుడిగా నియమించారు. అధ్యక్షుడికి ఒక గది, ఇద్దరు గుమాస్తాలు, ఒక కొత్త కారు వచ్చాయి. ఆ కారుకు బ్రేకులున్నాయి. ఆయన గొంతు కుదుటపడింది.

కమిటీ గుట్టెక్కి పాత కారును గంటసేపు పరిశీలించింది. అంత వాలులోనూ అది అంగుళం కదల్లేదు. బావమరిది వెనకనుంచి తోశాడు. అధ్యక్షుడూ ఒక చెయ్యి వేశాడు. ఊహూఁ! గమన నియంత్రణ సౌకర్యం అమోఘమని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. బండరాళ్ళు కమిటీ పరిధిలోకి రావు కాబట్టి వాటి ప్రస్తావన రాలేదు. ప్రభుత్వ గాలిని దుర్వినియోగం చేసినందుకు డ్రైవరును సస్పెండు చేశారు.

గ్యారేజీ వాళ్ళు పరుగున వచ్చి గాలి కొట్టారు. శుభమా అని అభినందించడానికి వచ్చిన మంత్రిగారు కారు డోరు తెరిచి పట్టుకున్నారు.

"అధ్యక్షులవారు ముందు ఎక్కాలి."

"ఎంతమాట! పెద్దలు మీరుండగానా?"

"నాకు అసలు కార్లు పడవు బావా," అన్నాడు గ్యారేజీ యజమాని.

ముగ్గురూ చెట్టపట్టాలేసుకుని నడిచి గుట్ట దిగారు. బడి గేటు దగ్గర పిల్లలను చూసేసరికి మంత్రిగారి మనసు కరిగి నీరైంది. గుట్ట మీది ఇళ్ళ పిల్లలు పాపం రోజూ కాళ్ళీడ్చుకుంటూ దిగుతున్నారట! ఆ కారును అప్పటికప్పుడు బడికి దానం చేశారు. రేపటి నుంచే పిల్లల్ని అందులో దింపాలన్నారు. పిల్లలు కేరింతలు కొట్టారు.

మర్నాడు కారు తీయబోయిన కొత్త డ్రైవరు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పాత డ్రైవరు ముందు చక్రానికి వీపు ఆనించి, రాళ్ళ పక్కన కూర్చున్నాడట. పక్కనే భార్య కూడా ఉందట. ప్రభుత్వ వాహనానికి అడ్డుపడుతున్నారని శాఖ కేసు పెట్టింది. ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతూ గుట్టెక్కాడు.

"లేవయ్యా! కారు పోవాలి."

"పోతుంది సార్," అన్నాడు డ్రైవరు. "నేను లేస్తే తప్పకుండా పోతుంది."